సగమత్త ట్రైనింగుకి వెళ్లిన కథ

ఆవిడకి ఒక పేరుంది, లేకపోలేదు. జీతం పుచ్చుకునేటప్పుడు ఆ పేరే రాస్తుంది. కానీ ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే మాత్రం ఎవర్నో పిలుస్తున్నారనుకుని పక్కకి తప్పుకుంటుంది. లైబ్రరీలో పిల్లల గది చూసుకునే ఈ మనిషిని పిల్లలు సగమత్త అంటారు. పిల్లలన్నారని వాళ్ల అమ్మలూ అన్నారు, అమ్మలన్నారని నాన్నలూ అన్నారు. ఆఖరికి లైబ్రేరియన్ గారు కూడా ఒకరోజు నోరు జారి "సగమత్తగారూ" అని పిలిచి నాలిక్కరుచుకున్నాడు. ఆవిడేం అనుకోలేదు. "చెప్పండి సార్" అంది.

సగమత్త అంటే సగం కథల అత్త. ఆ పేరు ఊరికే రాలేదు.

మొదట్లో ఆవిడ పని అరలు దులపడం, పిల్లలు చించిన పేజీలు అతికించడం. అంతే. ఒక సాయంత్రం పెద్ద వాన పట్టుకుంది. ఇళ్లకి పోలేక పిల్లలంతా గదిలో ఇరుక్కుపోయి ఇల్లు పీకి పందిరేస్తున్నారు. వీళ్ల నోళ్లు మూయించడానికి ఆవిడ చేతికి దొరికిన పుస్తకం తీసి చదవడం మొదలుపెట్టింది. గది గదంతా కిక్కురుమనలేదు. తీరా కథ మంచి పట్టులో ఉండగా వాచ్‌మన్ బాబాయ్ మూసే గంట కొట్టాడు. ఆయనతో బేరాలుండవు. గంటంటే గంటే. పిల్లలు లబోదిబోమన్నారు. ఆవిడకి బస్సు తప్పిపోయే కంగారు. "మిగతాది పుస్తకంలో ఉంది, పుస్తకం అరలో ఉంది, అర మీకు అందే ఎత్తులోనే ఉంది, పొండి ఇక!" అని విసుక్కుని పుస్తకం మూసేసింది.

మర్నాడు గేటు తీయకముందే పిల్లలు గేటు పట్టుకుని వేలాడుతున్నారు. ఆ ఒక్క పుస్తకం కోసం జుట్లు పట్టుకున్నారు. అక్షరాలు కూడబలుక్కుని చదివేవాళ్లు కూడా మూలకెళ్లి వేలు పెట్టి చదువుకుంటున్నారు. ఆవిడ చీపురు పట్టుకుని అలాగే నిలబడి చూసింది. ఆహా, ఇదా సంగతి అనుకుంది.

అంతే, ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆవిడ లైబ్రరీలో ఒక్క కథ పూర్తిగా చెప్పిన పాపాన పోలేదు. గంట మోగుతుంది, పుస్తకం మూసుకుంటుంది. మాట సగంలో ఉన్నా సరే, రాజుగారి తల సగం తెగి ఉన్నా సరే. పిల్లలు ఏడుస్తారు, బతిమాలతారు, ఒకడైతే చెయ్యి కొరికాడు కూడా. కొరికినవాడే మర్నాడు అందరికన్నా ముందొచ్చి పుస్తకం చంకలో పెట్టుకుపోయాడు. ఆ పేటలో సగంమంది పిల్లలు బళ్లో చదువు నేర్చుకున్నారేమో గానీ, చదవడం మాత్రం సగమత్త మీద కోపంతోనే నేర్చుకున్నారు.

ఈ అలవాటు లైబ్రరీలోనే ఆగితే బాగుండేది. ఇంట్లోకీ వచ్చింది. "ఇవాళ లైబ్రరీకి పోలీసులొచ్చారు" అంటుంది చెప్పులు విప్పుతూ. అని వంటింట్లోకెళ్లిపోతుంది. ఆవిడ మొగుడు టైలరు. మిషను తొక్కుతున్నవాడు కాలు ఆపేసి, సూదిలో దారం సగం దూర్చి, అలాగే కూర్చుంటాడు.

"ఎందుకొచ్చారే?" అని అత్తగారు కుర్చీలోంచి కేకేస్తుంది.

లోపల గిన్నెల చప్పుడు తప్ప జవాబుండదు.

"ఒరేయ్, నీ పెళ్లాం నన్ను చంపడానికే పుట్టిందిరా" అంటుంది అత్తగారు. వచ్చింది ఒక్క పోలీసాయనేననీ, అదీ వాళ్లబ్బాయికి పుస్తకం తీసుకోడానికనీ తెలిసేసరికి అన్నాలు తినడం కూడా అయిపోతుంది.

ఇదంతా సరదాయే. కానీ సగమత్తకి ఒక బెంగ ఉంది. పిల్లలు వస్తారు, కథలు వింటారు, పుస్తకాలు మింగుతారు, ఏటికేడాది జానెడు ఎదుగుతారు. పన్నెండో పదమూడో ఏడు రాగానే మాయమైపోతారు. ఎందుకు మాయమవరు? పిల్లల గదిలో ఉన్నవన్నీ బుల్లి ఎర్ర కుర్చీలు, బుల్లి బల్లలు. పదమూడేళ్ల పిల్లాడు కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. పక్కన ముక్కుపచ్చలారని పసిపిల్లలు. పోనీ పెద్దల హాల్లోకి వెళ్దామంటే అక్కడ రిటైరైన పెద్దమనుషులు పొద్దుట్నుంచీ పేపర్లు పరుచుకుని కూర్చుంటారు. పేజీ తిప్పినా "ష్!" అంటారు. వాళ్లు మాత్రం గొంతు చించుకుని తుమ్ముతారు, అది వేరే సంగతి. అందుకని పెద్దపిల్లలు మధ్యలో ఉన్న మెట్ల మీద కూర్చునేవాళ్లు. దారికడ్డమని బాబాయ్ లేపేవాడు. లేపితే లేచారు. లేచినవాళ్లు బయటికే నడిచారు.

సగమత్త కూతురు కూడా అలాగే నడిచింది. ఆ పిల్ల ఆ గదిలోనే పాకింది, ఆ అరలు పట్టుకునే నడక నేర్చింది. ఇప్పుడు పద్నాలుగేళ్లు. "రావే లైబ్రరీకి" అంటే "ఆ బుజ్జి కుర్చీల్లో కూర్చోడానికా?" అంటుంది. చెవుల్లో వైర్లు పెట్టుకుని గది తలుపు వేసుకుంటుంది. పూర్తిగా వెయ్యదు, వేలెడు సందు ఉంచుతుంది. ఆ సందులోంచి ఏం మాట్లాడాలో సగమత్తకి తెలీదు.

మేడ మీద ఒక గది ఉంది. పెద్ద గది, రెండు కిటికీలు, మంచి వెలుగు. దాన్నిండా పాత పేపర్ల కట్టలు, దానికో తాళం. "సార్, ఆ గది పెద్దపిల్లలకిద్దాం" అని సగమత్త అడగని నెల లేదు. లైబ్రేరియన్ గారు మంచివాడే, కానీ ఆయన గొంతు లైబ్రరీకి తగ్గట్టే తయారైంది. ఫోన్లో కూడా గుసగుసలే. ఇంట్లో కూడా అంతేనట, ఆయన భార్య చెప్పింది. "పైవాళ్లని అడగాలమ్మా" అని గుసగుసగా అని ఊరుకునేవాడు. పైవాళ్లు చివరికి ఆ గది గురించి ఆలోచించారు. ఆలోచించి, పాత పేపర్లు పెట్టుకోడానికి ఇనప రాకులు మంజూరు చేశారు. గోడలకి, నేలకి బోల్టులు బిగించేస్తారట. బిగించాక ఇంక ఆ గదిని ఎవడూ కదపలేడు.

సరిగ్గా అప్పుడే ఒక మధ్యాహ్నం లైబ్రేరియన్ గారు పిల్లల గదికి తనే నడిచొచ్చాడు.

"అమ్మా, ఒక అవకాశం వచ్చింది" అన్నాడు. "లైబ్రరీల్లో పిల్లలతో, ఆ పెద్దపిల్లలతో పనిచేసేవాళ్లకి ట్రైనింగట. మూడు వారాలు. ప్రయాణం, బస అన్నీ వాళ్లే చూసుకుంటారు. నేర్చుకుని తిరిగొచ్చినవాళ్లకి, పెద్దపిల్లల కోసం ఒక గది తయారుచేసుకోడానికి నిధి కూడా ఇస్తారట. ఆ నిధి గనక వస్తే రాకుల సంగతి నేను ఆపగలను."

పక్కనే ఉన్న అకౌంట్ల గుమాస్తా నవ్వాడు. "పిల్లల గదికి ట్రైనింగేంటి సార్? పిల్లల్ని ఆడించడం ఆడవాళ్లకి పుట్టుకతో వచ్చేదేగా!"

"నువ్వు కూడికలు తీసివేతలు కడుపులోనే నేర్చుకుని పుట్టావా నాయనా?" అంది సగమత్త. గుమాస్తా కుక్కిన పేనల్లే తన బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. వీళ్లింతే. అరల్లో పుస్తకాలు సర్దేవాడికి ట్రైనింగు, కంప్యూటరు నొక్కేవాడికి ట్రైనింగు, మనుషుల్ని చదివించే మనిషికి మాత్రం పుట్టుకతో వచ్చెయ్యాలి!

"ఎంపికకి హెడ్డాఫీసుకి వెళ్లాలమ్మా" అన్నాడు లైబ్రేరియన్ గారు. "ముగ్గురుంటారు. ప్రశ్నలడుగుతారు. తర్వాత వాళ్ల ముందు ఒక కథ చెప్పాలి. పావుగంటలో." అని ఆగాడు. ఆగి, ఇంకా గొంతు తగ్గించాడు. "పూర్తి కథ."

"పూర్తిగానా సార్?" అంది సగమత్త.

ఆ సాయంత్రమే ఇంట్లో తాలీము మొదలైంది. అత్తగారు కుర్చీలో, టైలరు మిషను ముందు. కూతురు తన గదిలో, తలుపు వేలెడు సందు. సగమత్త ఎంచుకున్న కథ లైట్‌హౌసులో ఉండే పిల్లది. సముద్రంలో తుపాను. పిల్ల ఒక్కతే ఉంది. లైట్‌హౌసు దీపం ఆరిపోయింది. అవతల చీకట్లో ఓడ వస్తోంది, ఆ ఓడలో పిల్ల తండ్రి ఉన్నాడు. దారి కనపడకపోతే ఓడ రాళ్ల మీదకి ఎక్కేస్తుంది. పిల్ల అగ్గిపెట్టె తీసింది. అందులో ఒక్కటంటే ఒక్కటే పుల్ల ఉంది. అదీ తడిసింది. పిల్ల పుల్ల తీసి, ఊపిరి బిగబట్టి, పెట్టెకి ఆనించి...

వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. సగమత్త టప్పుమని పుస్తకం మూసేసింది.

"ఏమే!" అని అరిచింది అత్తగారు. "వెలిగిందా లేదా?"

"అయ్యో అత్తయ్యా, అలవాటులో..."

"నీ అలవాటు మండిపోనూ! మళ్లీ మొదలెట్టు."

మళ్లీ మొదలెట్టింది. ఈసారి కుక్కరు కట్టేశారు. అయినా సరిగ్గా ఆ అగ్గిపుల్ల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గొంతు దానంతటదే ఆగిపోయింది. ముందుకి పోదు. మొక్కై వంగనిది మానై వంగుతుందా! మర్నాడు లైబ్రరీ ఖాళీగా ఉన్నప్పుడు రెండో సగం ఒక్కటీ విడిగా చదువుకుని చూసింది, బ్రహ్మాండంగా వచ్చింది. మొదటి సగం ఎలాగూ వచ్చు. రెంటినీ కలిపి చదవడం మాత్రం చేతకాలేదు.

"రెండు ముక్కలూ బాగానే ఉన్నాయి, అతకడమే రావట్లేదు" అని మొగుడి దగ్గర వాపోయింది.

"అతకడం నా పని కదా, నువ్వెందుకు చేస్తున్నావ్?" అన్నాడు టైలరు. ఆయన జోకులు అలాగే ఉంటాయి.

అత్తగారు మాత్రం వదల్లేదు. "వెలిగిందా లేదా ఒక్క ముక్క చెప్పు. కథంతా అక్కర్లేదు. ఒక్క ముక్క."

"పుస్తకంలో ఉంది అత్తయ్యా" అని నవ్వింది సగమత్త.

"నాకు పుస్తకమైతేనేం, ఇటికైతేనేం!" అంది అత్తగారు. ఆవిడకి చదువు రాదు. నవ్వుతూనే అంది, అందరూ నవ్వారు. సగమత్త కూడా నవ్వింది గానీ, ఆ మాట ఎక్కడో ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది.

ఆ రోజు రానే వచ్చింది. టైలరు కుట్టిచ్చిన కొత్త సంచిలో పుస్తకం పెట్టుకుని సగమత్త హెడ్డాఫీసుకి వెళ్లింది. పొడుగు బల్ల వెనక ముగ్గురు. ఒక బక్కాయన, ఒక బొద్దాయన, మధ్యలో కళ్లద్దాలకి గొలుసు తగిలించుకున్న ఒక మేడమ్. బక్కాయన ఊరికే నవ్వుతున్నాడు, బొద్దాయన బిస్కెట్లు తింటున్నాడు, గొలుసు మేడమ్ నవ్వనూ లేదు, తిననూ లేదు.

"ఇన్నేళ్ల నుంచి పిల్లలతో పనిచేస్తున్నారు. ఇప్పుడు ట్రైనింగ్ ఎందుకు మీకు?" అని అడిగిందావిడ.

దీనికి లైబ్రేరియన్ గారు ఒక జవాబు నేర్పించి పంపాడు. అందులో 'అభివృద్ధి' అనే మాట చాలాసార్లు వచ్చింది. సగమత్తకి అందులో ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"ఆరేళ్ల పిల్లాడితో మాట్లాడ్డం నాకొచ్చు మేడమ్. పద్నాలుగేళ్ల పిల్లతో మాట్లాడ్డం రాదు. ఆ పద్నాలుగేళ్ల పిల్ల మా ఇంట్లోనే ఉంది. ఇంకా చాలామంది మా లైబ్రరీ మెట్ల దాకా వచ్చి వెళ్లిపోతున్నారు. ఎలా ఆపాలో తెలీక, నేర్పుతారేమోనని వచ్చాను."

గొలుసు మేడమ్ కాగితం మీద ఏదో రాసుకుంది. "కథ చెప్పండి" అంది.

ఏమాటకామాటే చెప్పాలి, సగమత్త ఆ రోజు చెప్పినట్టు ఎప్పుడూ చెప్పలేదు. తుపాను మొదలయ్యేసరికి బక్కాయన నవ్వు ఆగిపోయింది. దీపం ఆరేసరికి బొద్దాయన బిస్కెట్టు నోటి దాకా వచ్చి అక్కడే ఆగింది. ఒక్కటే పుల్ల, అదీ తడిసింది. ఈసారి గొంతు ఆగదు, దాటేస్తున్నాను అని సగమత్తకే తెలుస్తోంది. పిల్ల పుల్లని పెట్టెకి ఆనించి...

టంగ్! బల్ల మీద చిన్న గంట మోగింది. ఇంకో మూడు నిమిషాలే ఉన్నాయని చెప్పడానికి ఒక గుమాస్తాని కూర్చోబెట్టారు. వాడు వాడి పని చేశాడు.

సగమత్త పుస్తకం మూసింది. "మిగతాది పుస్తకంలో ఉంది, పుస్తకం అరలో ఉంది, అర మీకు అందే ఎత్తులోనే ఉంది" అంది. సంచి తీసుకుంది. "వస్తానండీ" అని చెప్పి, బయట బెంచీ మీద వణుకుతున్న తర్వాతి మనిషికి "భయపడకు నాయనా, మంచివాళ్లే" అని ధైర్యం చెప్పి, మెట్లు దిగి, బస్సెక్కి, టిక్కెట్టు తీసుకుని, కిటికీ పక్కన కూర్చుంది. బస్సు మలుపు తిరిగింది.

"అయ్యో! అయ్యో నా బుద్ధి తగలెయ్యా!" అన్న కేకకి డ్రైవరు బస్సాపేశాడు.

ఇంటికొచ్చి, జరిగింది జరిగినట్టు, మొదట్నుంచి చివరి దాకా, ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. టైలరు మొహం తెల్లబోయింది. పెళ్లయినప్పటి నుంచీ ఆవిడ ఒక కబురు మొత్తం చెప్పడం అదే మొదలు. "మొత్తం చెప్పేశావంటే కొంప మునిగిందన్నమాటే" అన్నాడు. సగమత్త కళ్లనిండా నీళ్లు. ఆ గది పోయింది, ఆ పిల్లలు పోయారు, చేజేతులా పోగొట్టుకుంది. ఎవర్నంటుంది? గంటనా?

అత్తగారు కోడలి వీపు నిమిరింది. ఆఖరికి ఉండబట్టలేక, చిన్న గొంతుతో, "ఇంతకీ... ఆ పుల్ల వెలిగిందా?" అంది.

"అత్తయ్యా! ఇప్పుడు నాకు పుల్ల గొడవ కావాలా!" అని సగమత్త లేచి వెళ్లిపోయింది.

తర్వాత కొన్నాళ్లు లైబ్రరీలో ఆవిడ మొహం చూసి పిల్లలు అల్లరి తగ్గించారు. అది మరీ బాధ. ఇనప రాకులు వచ్చేశాయి. ప్రస్తుతానికి మెట్ల కింద గోడకి చేరవేసి ఉన్నాయి. బోల్టులు బిగించేవాడు రేపో మాపో వస్తాడు. సగమత్త వాటి మీద దుమ్ము కూడా దులపలేదు. దులపడం తన పనే అయినా సరే, వాటిని ముట్టుకోనంది.

అలాంటి ఒక సాయంత్రం పిల్లల గది గుమ్మంలో నీడ పడింది. తలెత్తితే కళ్లద్దాల గొలుసు. సగమత్త చేతిలో జిగురు సీసా కింద పడింది.

"ఎంపికకి ముందు లైబ్రరీ చూసి రావడం మా పద్ధతి" అంది మేడమ్. మాట గట్టిగానే ఉంది గానీ కళ్లు మాత్రం అరల మీద తిరుగుతున్నాయి. "అది సరే. ఆ పుస్తకం ఎక్కడుంది?"

"ఏ పుస్తకం మేడమ్?"

"మీకు తెలీదా ఏ పుస్తకమో!" అని ఒక్కసారిగా గొంతు పెంచింది. "మీరలా లేచి వెళ్లిపోయాక మేం ముగ్గురం పోట్లాడుకున్నాం. మార్కుల గురించనుకున్నారా? ఆ పుల్ల వెలిగిందా లేదా అని! ఆ బక్కాయన వెలగదంటాడు. నేను వెలుగుతుందన్నాను. ముందు పుస్తకం ఇవ్వండి."

సగమత్త అర దగ్గరికి పరిగెత్తింది. పుస్తకం ఉండాల్సిన చోట ఖాళీ. పక్క అర చూసింది, బల్లల కింద చూసింది. లేదు.

"మెట్ల మీద అక్క తీసుకుందత్తా" అన్నాడు ఎర్ర కుర్చీలో ఉన్న ఒక బుడతడు.

ఇద్దరూ మెట్ల దగ్గరికి వచ్చారు. నాలుగో మెట్టు మీద సగమత్త కూతురు కూర్చుని ఉంది. చెవుల్లో వైర్లు లేవు. ఒళ్లో పుస్తకం. చుట్టూ కింది మెట్లమీద ఇంకో నలుగురైదుగురు పెద్దపిల్లలు, ఎప్పుడో మాయమైపోయినవాళ్లు, చెవులప్పగించి వింటున్నారు. ఆ చెయ్యి కొరికినవాడు కూడా ఉన్నాడు, మూతి మీద నూనూగు మీసాలతో.

"నువ్వా!" అంది సగమత్త. "ఎప్పుడొచ్చావే?"

"నాయనమ్మ ప్రాణం తీస్తోందమ్మా" అంది కూతురు తలెత్తకుండానే. "నువ్వు చెప్పవు, తను చదవలేదు. పుల్ల, పుల్ల అని నన్ను నిద్రపోనివ్వట్లేదు. సర్లే చదివి చెప్దామని వచ్చా. వీళ్లు కనిపించి పైకి చదవమన్నారు. నువ్వు సందులోంచి వినిపించినంత బాగా రావట్లేదు గానీ."

తలుపు సందులోంచి ఈ పిల్ల మొత్తం విన్నదన్నమాట, అనుకుంది సగమత్త.

గొలుసు మేడమ్ ముందుకొచ్చింది. "ఎక్కడి దాకా వచ్చారమ్మాయ్?"

"దీపం ఆరిపోయింది. అగ్గిపెట్టె వెతుకుతోంది."

"జరుగు" అంది మేడమ్. హెడ్డాఫీసు మేడమ్ సంచి ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. చెయ్యి కొరికినవాడు సర్దుకుని చోటిచ్చాడు.

కూతురు చదవడం మొదలుపెట్టింది. అంతలో హాల్లోంచి ఒక పెద్దమనిషి పేపరు చేత్తో పట్టుకునే వచ్చాడు. "ష్! ఇది లైబ్రరీయా, సంతా?" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఆయన అక్కడే నిలబడ్డాడు. కాసేపటికి పక్కవాణ్ని వంగి అడిగాడు. "ఓడలో ఎవరున్నారు బాబూ?"

"వాళ్ల నాన్న" అన్నాడు పక్కవాడు.

పెద్దమనిషి పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాడు.

పిల్ల పుల్ల తీసింది, ఊపిరి బిగబట్టింది, పెట్టెకి ఆనించింది. ఠంగ్ ఠంగ్ ఠంగ్! వాచ్‌మన్ బాబాయ్ మూసే గంట.

కూతురు టప్పుమని పుస్తకం మూసింది. తల్లి పోలిక ఎక్కడికి పోతుంది! మూసి, ఓరగా తల్లి వైపు చూసి, "మిగతాది పుస్తకంలో ఉంది" అంది పెదాలు బిగబట్టి.

"అమ్మాయ్!" అని కేక పెట్టింది మేడమ్. "ఇంకోసారి నాకీ అన్యాయం జరిగితే ఊరుకోను!"

అందరూ సగమత్త వైపే చూస్తున్నారు. ఆవిడకి ఆ క్షణాన అత్తగారి మాట చెవిలో గింగురుమంది. పుస్తకమైతేనేం, ఇటికైతేనేం. నిజమే. సగం కథ చెప్పి అర చూపిస్తే సరిపోతుందనుకుంది ఇన్నాళ్లూ. అర అందేవాళ్లకి సరే. అందనివాళ్ల మాటేమిటి? చదువు రాని ముసలావిడ మాటేమిటి? చదువొచ్చినా కూర్చోడానికి కుర్చీ లేని వీళ్ల మాటేమిటి? గంట కొట్టగానే వీళ్లని బయటికి పంపి, వీళ్లు రావట్లేదని తనే ఏడ్చింది!

"బాబాయ్" అంది. "మేడ మీద గది తాళం ఇవ్వు."

"గంటైపోయిందమ్మా."

"అయితే అయింది! తాళం ఇవ్వు!"

బాబాయ్ బిత్తరపోయాడు. ఇన్నేళ్లలో ఆయన గంటకి ఎదురు చెప్పిన మొదటి మనిషి, ఆ గంటకి అందరికన్నా ఎక్కువ విలువిచ్చిన మనిషే. గొడవ విని లైబ్రేరియన్ గారు గదిలోంచి బయటికి వచ్చాడు. మెట్టు మీద కూర్చున్న మనిషిని చూశాడు, ఎవరో పోల్చుకున్నాడు, చెమటలు పట్టాయి. అప్పుడు ఆయన నోట్లోంచి, ఆ లైబ్రరీ గోడలు ఎన్నడూ వినని గొంతుతో, "ఇవ్వవయ్యా తాళం!" అని ఒక్క అరుపు వచ్చింది. అరిచాక ఆయనే అదిరిపడ్డాడు.

గది తెరిచారు. దుమ్ము. అందరూ తుమ్మారు. పేపర్ల కట్టలు లాక్కుని కూర్చున్నారు, కాళ్లు బారజాపుకుని. ఒకడు కిటికీ గుద్ది గుద్ది తెరిచాడు. కూతురు పుస్తకం తల్లికిచ్చింది.

"నువ్వే చదువమ్మా. నువ్వు పూర్తి చెయ్యగా ఒక్కసారన్నా చూడాలి నేను."

సగమత్త చదివింది. అగ్గిపుల్ల దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగబోయింది. కూతురు వైపు చూసింది. దాటేసింది.

పుల్ల వెలగలేదు. గీసింది, పొగొచ్చింది, తల ఊడి కింద పడింది. మేడమ్ "అయ్యో" అంది. చీకటి. ఓడ దగ్గరికొచ్చేస్తోంది. అప్పుడా పిల్ల వంటింట్లోకి పరిగెత్తి అన్నిటికన్నా పెద్ద రాగి గిన్నె తెచ్చి, కిటికీ తెరిచి, గరిటె పెట్టి బాదడం మొదలుపెట్టింది. బాదింది, బాదింది, చేతులు పడిపోయేదాకా బాదింది. దీపం కనపడకపోయినా చప్పుడు వినపడి, రాళ్లెటున్నాయో తెలిసి, ఓడ పక్కకి తిరిగింది.

చెయ్యి కొరికినవాడు ఉండబట్టలేక పక్కనున్న ఇనప తలుపుని బాదాడు. ఇంకొకడు అందుకున్నాడు. 'నిశ్శబ్దము పాటింపుడు' అన్న బోర్డు మేకు మీద ఊగిపోయింది. పేపరు పెద్దమనిషి చప్పట్లు కొడుతున్నాడు. లైబ్రేరియన్ గారు చెవులు మూసుకుని నవ్వుతున్నాడు. మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"ఆ బక్కాయనే గెలిచాడు. ఇక చచ్చేదాకా దెప్పుతాడు" అంది లేస్తూ. గది చుట్టూ ఒకసారి చూసింది. "మీకు కథ చెప్పడం ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ మీకు రానిదీ ఉంది. ఈ పిల్లల కోసం గది కావాలని అందర్నీ అడిగారు. గదిలో ఏం కావాలో ఈ పిల్లల్ని ఎప్పుడైనా అడిగారా?"

సగమత్త ఆలోచించింది. "లేదు మేడమ్" అంది.

"అదే నేర్పుతాం. వచ్చెయ్యండి."

ఆ రాత్రి అన్నాల దగ్గర కూతురు నాయనమ్మకి ముగింపు చదివి వినిపించింది. గిన్నె బాదే దగ్గర నిజంగానే గిన్నె బాదింది. ముసలావిడ శ్రద్ధగా విని, కాసేపు ఆలోచించి, "ఆ గిన్నేదో ముందే కొట్టొచ్చు కదా, ఇంత హైరానా ఎందుకు!" అంది. టైలరు పొలమారి దగ్గాడు. సగమత్త నవ్వీ నవ్వీ వంటింటి గట్టు పట్టుకుని కూర్చుండిపోయింది. తర్వాత తల్లీకూతుళ్లు ఇద్దరూ గదిలో కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. ఎక్కువ మాట్లాడింది కూతురే. మెత్తటి కుర్చీలు కాదమ్మా, నేల మీద పడుకుని చదవొచ్చా అంది. మేం రాసినవి కూడా అరలో పెడతారా అంది. సగమత్త మధ్యలో ఒక్కసారి కూడా లేచి వెళ్లలేదు.

ఎంపికైనట్టు కబురొచ్చింది. రాకులు మెట్ల కిందే ఉండిపోయాయి, పాత పేపర్లే వాటి దగ్గరికి దిగొచ్చాయి. గది తాళం సగమత్త లేని మూడు వారాలూ తన దగ్గరే ఉంటుందని వాచ్‌మన్ బాబాయ్ అందరికీ ప్రకటించాడు. పెద్దపిల్లల గదికి మూసే గంట అరగంట ఆలస్యంగా కొడతానని కూడా అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

బయల్దేరే రోజు టైలరు కొత్త సంచి కుట్టిచ్చాడు, ఈసారి పెద్దది. కూతురు దాన్ని భుజాన వేసుకుని బస్సు దాకా వస్తానంది. సగమత్త అత్తగారి దగ్గర వంగి, "వెళ్లొస్తా అత్తయ్యా" అంది.

ముసలావిడ కోడలి గడ్డం పట్టుకుంది. కళ్లు చెమర్చాయి గానీ నోరు మాత్రం తగ్గలేదు.

"వెళ్లి రా తల్లీ. అక్కడెవడన్నా గంట కొడితే మాత్రం, లేచి వచ్చెయ్యకు. ఈ ఒక్కటన్నా పూర్తి చేసుకుని రా."